కోడ్ ఇచ్చాక ఐదో తారీకు మర్చిపోకండి

(చిన్న ఆన్‌లైన్ దుకాణానికి అఫిలియేట్ పథకం మొదలుపెట్టడం గురించి అమలాపురంలో చిన్న వ్యాపారుల ముందు ఒక పూతరేకుల వ్యాపారి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. వెనక వాళ్లకి మైకు వినిపిస్తోందా? ఆయ్ అంటున్నారు, అయితే వినిపిస్తున్నట్టే. (నవ్వులు)

నన్ను పిలిచినవాళ్లు "అఫిలియేట్ మార్కెటింగ్ గురించి ఓ గంట మాట్లాడండి" అన్నారు. ఆ మాట వినగానే నాకే కాస్త భయమేసింది. నేను ఎంబీఏ చదవలేదండి. మాది ఆత్రేయపురం పక్కన పల్లెటూరు. మా అత్తయ్యగారు పూతరేకులు వేస్తారు, నేను అమ్ముతాను. అంతే మా కంపెనీ. ఆరేళ్ల కిందట వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి మొదలుపెట్టాం, తర్వాత సొంత వెబ్‌సైటు పెట్టుకున్నాం. పూతరేకులతో పాటు మామిడి తాండ్ర, సున్నుండలు, సీజన్లో ఆవకాయ కూడా ఉంటాయి. ఈ హాల్లో లేసు పని చేసేవాళ్లు ఉన్నారు, బండారులంక చీరలు అమ్మేవాళ్లు ఉన్నారు, కాజాలవాళ్లూ వచ్చినట్టున్నారు. సరుకు ఏదైనా నేను చెప్పే లెక్క దాదాపు ఒకటే. తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు ఈ పేరుకి భయపడకండి. అఫిలియేట్ అంటే మన సరుకు గురించి నలుగురికి చెప్పి, ఆ చెప్పడం వల్ల అమ్ముడుపోతే కమీషన్ తీసుకునే మనిషి. కమీషన్ అన్న మాట మనకి కొత్తా? పక్కనే అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ఉంది. వెయ్యి కాయలకి ఇంత అని మాట్లాడుకోవడం చూస్తూ పెరిగినవాళ్లం. ఇంటర్నెట్‌లో దీన్ని పెద్ద ఎత్తున నడిపింది అమెజాన్. 1996లో, పుస్తకాలు మాత్రమే అమ్ముకునే రోజుల్లో, "మీ పేజీలో మా పుస్తకానికి లింకు పెట్టండి, కొన్నవాళ్లుంటే మీకు వాటా ఇస్తాం" అని మొదలుపెట్టారు. ఆ లింకు ఉండటం వల్ల ఎవరు ఎవరిని పంపించారో కంప్యూటరే లెక్క రాస్తుంది. మధ్యవర్తికీ మనకీ మధ్య గొడవ తగ్గింది. పూర్తిగా పోలేదు, ఆ సంగతికి వస్తాను.

మా ఇంట్లో ఈ పథకం పుట్టింది మా పిన్ని నోటి నుంచి. పిన్ని హైదరాబాదు కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటుంది. ఆవిడ ఏ పేరంటానికి వెళ్లినా మా పూతరేకుల పెట్టె తీసుకెళ్లేది. "ఎక్కడివండీ ఇవి" అని ఎవరడిగినా మా నంబరు ఇచ్చేది. రెండేళ్లలో ఆ ఒక్క అపార్ట్‌మెంటు నుంచే మాకు ముప్ఫై కుటుంబాలు వచ్చాయి. ఒకరోజు ఫోన్లో నవ్వుతూ, "ఇంతమందిని పంపించానే, నాకేం లేదా?" అంది. సరదాకే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ నెలలోనే ఫేస్‌బుక్ ప్రకటనలకి ఎనిమిది వేలు తగలేశాను, దాని మీద వచ్చింది పదకొండు ఆర్డర్లు. కూర్చుని లెక్క వేస్తే ఒక్కో కొత్త కస్టమరుకి ఏడు వందల పైచిలుకు పడింది. పిన్నికి పడింది సున్నా.

మర్నాడే మొదలుపెట్టేశాను. ఇక్కడే బోర్లాపడ్డాను. కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎవరైనా రాసుకుంటే మంచిది.

వెయ్యి రూపాయల ఆర్డరు వచ్చిందనుకోండి. మా లెక్క ఇది, మీది వేరుగా ఉండొచ్చు. బియ్యం, బెల్లం, నెయ్యి, జీడిపప్పు, రేకు వేసినవాళ్ల కూలి, చుట్టినవాళ్ల కూలి, అన్నీ కలిపి 520. పెట్టె, లోపలి కాగితం, టేపు 60. కొరియర్ 110, ఎందుకంటే వెయ్యీ ఆపైన ఆర్డర్లకి మేము చార్జీ తీసుకోం. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకున్నందుకు గేట్‌వే వాళ్లకి 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 24 రూపాయలు. దారిలో విరిగిపోయినవాటికి మళ్లీ పంపడం ఉంటుంది, సగటున 36. మొత్తం 750. ఇంకా గది అద్దె, కరెంటు, ప్యాకింగ్ అమ్మాయి జీతం, సైటు ఖర్చు ఉన్నాయి, ఆర్డరుకి వంద వేసుకోండి. చేతిలో మిగిలేది నూట యాభై.

ఇప్పుడు నేను చేసిన తెలివైన పని వినండి. ఎక్కడో యూట్యూబ్‌లో "కమీషన్ ఎక్కువిస్తేనే జనం వస్తారు" అని విన్నాను. కొన్నవాళ్లకి పది శాతం తగ్గింపు, చెప్పినవాళ్లకి పదిహేను శాతం కమీషన్ అని ప్రకటించేశాను. కస్టమరు కట్టేది 900. దాని మీద పదిహేను శాతం అంటే 135. తగ్గింపు వంద. రెండూ కలిపి 235. నాకు మిగిలేదేమో నూట యాభై. అంటే ఆర్డరు వచ్చిన ప్రతిసారీ 85 రూపాయలు నేనే ఎదురు కడుతున్నాను! ఆ సంక్రాంతికి ఈ పథకం మీద సుమారు రెండొందల ఆర్డర్లు వచ్చాయి. ఇల్లంతా పండగే. మావారు "అబ్బో, ఈ ఏడాది దశ తిరిగింది" అన్నారు. పండగ వెళ్లాక పుస్తకం చూసుకుంటే పదిహేడు వేలు లోటు. (నవ్వులు) నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

దాంతో పథకం ఆపేయలేదు, లెక్క మార్చాను. ఇప్పుడు కొత్త కస్టమరు మొదటి ఆర్డరుకి యాభై రూపాయలు తగ్గింపు. చెప్పినవాళ్లకి మొదటి ఆర్డరు మీద 8 శాతం. 950 మీద 76 అవుతుంది. మా చేతిలో 24 మిగులుతాయి. ఇరవై నాలుగు రూపాయలకి ఇంత హడావిడా అంటారేమో. అదే కస్టమరు రెండోసారి కొంటే తగ్గింపు లేదు, చెప్పినవాళ్లకి 3 శాతం, అంటే 30. మాకు 120. మొదటి ఆర్డరు మనిషిని గుమ్మం దాకా తెచ్చే ఖర్చు, అంతే. రెండో ఆర్డరు రాని సరుకైతే ఈ పథకం పెట్టకండి, నిజంగా చెబుతున్నాను. ఒక్కసారి కొని మళ్లీ అవసరం లేని వస్తువుకి ఈ లెక్క కుదరదు, దానికి మొదటి అమ్మకంలోనే తగినంత మిగలాలి.

చీరలవాళ్లు వేరే రకంగా చూడాలి. ఎనిమిది వేల ఉప్పాడ చీరకి 8 శాతం అంటే 640. వినడానికి బాగుంటుంది, కానీ చీరలు వెనక్కి వస్తాయి. రంగు ఫొటోలో ఒకలా ఉంది, చేతికొచ్చాక ఒకలా ఉంది అంటారు. పూతరేకులు తిన్నాక ఎవరూ వెనక్కి పంపలేరు కదా! కాబట్టి మీరు శాతం కాకుండా చీరకి ఇంత అని ఒక అంకె పెట్టుకోవడం, రిటర్న్ గడువు పూర్తిగా దాటాకే ఇవ్వడం మేలు. లేసు పనివాళ్లు చేతి కూలి ముందు లెక్కలో వేసుకోండి. మన ఆడవాళ్లకున్న జబ్బు ఏంటంటే, సొంత చేతి పనికి కూలి రాసుకోం. కూలి రాయకపోతే మిగులు ఎక్కువగా కనిపిస్తుంది, కమీషన్ ధారాళంగా ఇచ్చేస్తాం. కొరియర్ చార్జీ మీద, జీఎస్టీ మీద కమీషన్ ఇవ్వకండి. ఆ డబ్బు మన పెట్టెలో ఉండేది కాదు.

సరే, లింకా, కోడా? దీని మీద నేను చాలా తల బద్దలు కొట్టుకున్నాను. లింకు పద్ధతిలో ఒక్కొక్కరికి ఒక్కో లింకు ఇస్తాం, మన సైటు అడ్రసు చివర వాళ్ల పేరో నంబరో ఉంటుంది. దాని మీద నొక్కి ఎవరైనా సైటులోకి వస్తే, ఆ మనిషి ఫోన్ బ్రౌజరులో ఒక చిన్న చీటీ పడుతుంది. దాన్నే కుకీ అంటారు. ఇన్ని రోజుల్లోపు కొంటే చెప్పినవాళ్ల ఖాతాలో పడుతుంది. అమెజాన్ మామూలుగా ఇచ్చే గడువు 24 గంటలే. చిన్న దుకాణాలు చాలావరకు 30 రోజులు పెడతాయి. నేనూ ముప్ఫై పెట్టాను.

పెట్టాక ఏమైందంటే, రాజమండ్రిలో ఒక అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో మా పూతరేకుల వీడియో పెట్టింది. వీడియో బాగా నడిచింది. మాకు ఆర్డర్లూ వచ్చాయి. ఆ అమ్మాయి ఖాతాలో మాత్రం నాలుగే పడ్డాయి. "అక్కా, మీ లెక్క తప్పు" అంది. నేను కాదన్నాను. తర్వాత మా తమ్ముడు చూసి చెప్పాడు. ఇన్‌స్టాలో లింకు నొక్కితే సైటు ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది. చీటీ అక్కడే పడుతుంది. జనం చూసి, మూసేసి, రాత్రి భోజనాలయ్యాక క్రోమ్ తెరిచి మా పేరు వెతుక్కుని కొంటారు. ఆ క్రోమ్‌లో చీటీ ఎక్కడుంది? ఐఫోన్ ఉన్నవాళ్లది ఇంకో గొడవ. సఫారీ బ్రౌజరు ఇలాంటి చీటీలు చాలావాటిని ఏడు రోజులకే చెరిపేస్తుంది. మనం ముప్ఫై రోజులని కాగితం మీద రాసుకుంటే సరిపోదు. పాపం, ఆ అమ్మాయి మాటే నిజం. మిగతా ఆర్డర్లు ఎన్నో తేల్చే దారి లేదు, ఒక అంకె అనుకుని ఇచ్చి క్షమించమన్నాను.

అప్పటి నుంచి మాది కోడ్ పద్ధతి. ఒక్కొక్కరికి ఒక మాట ఇస్తాం, కొనేవాళ్లు ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆ మాట చెబుతారు. పలకడానికి, ఫోన్లో చెప్పడానికి వీలుగా ఉండాలి. వాట్సాప్‌లో ఆర్డరు ఇచ్చినా "ఫలానా కోడ్ అండి" అంటారు, మా ప్యాకింగ్ అమ్మాయి పుస్తకంలో రాసుకుంటుంది. మన కస్టమర్లలో సగం మంది ఇంకా సైటులో కాదు, వాట్సాప్‌లోనే కొంటున్నారు. అక్కడ ఏ చీటీ పనిచేయదు. కోడ్ నోటితో చెప్పగలిగింది కాబట్టి మా అత్తయ్యగారి స్నేహితురాళ్లు కూడా చేరారు. యూట్యూబ్‌లో వంటల వీడియోలు చేసేవాళ్లకి మాత్రం లింకు, కోడ్ రెండూ ఇస్తాను. ఆన్‌లైన్ దుకాణం నడిపే సాఫ్ట్‌వేర్లు షాపిఫై, వూకామర్స్ వాడేవాళ్లకి ఈ లెక్కలు చూసుకునే యాప్‌లు, ప్లగిన్లు ఉన్నాయి. కొన్ని ఉచితంగా మొదలుపెట్టొచ్చు. పదిమంది దాటేవరకు నోటుపుస్తకం చాలండి. నేను మొదటి ఎనిమిది నెలలు అలాగే నడిపాను.

కోడ్‌కీ రోగాలున్నాయి. ఎవరో తమ కోడ్ తీసుకెళ్లి కూపన్లు పెట్టే సైటులో పెట్టారు. అప్పటికే మా సైటులో పెట్టె ఎంచుకుని, డబ్బు కట్టబోతూ "కూపన్ ఉందేమో" అని గూగుల్‌లో వెతికినవాళ్లకి ఆ కోడ్ దొరికింది. అంటే నా దగ్గరికి నడిచి వచ్చిన కస్టమరుకి నేను తగ్గింపూ ఇచ్చి, ఎవరికో కమీషనూ ఇచ్చాను. అందుకే కోడ్ కొత్త ఫోన్ నంబరుకే పనిచేసేలా పెట్టాం, కూపన్ సైటుల్లో పెడితే రద్దు అని రాశాం. మన పేరు మీదే గూగుల్‌లో ప్రకటన ఇచ్చి, మనల్ని వెతికేవాళ్లని తన లింకు మీదుగా పంపే ఘనులూ ఉంటారు. అది కూడా కుదరదని రాసుకోండి.

ఇంకో కుర్రాడి కథ. ఊరు చెప్పను. నెలలో పద్నాలుగు ఆర్డర్లు తెచ్చాడు, అన్నీ క్యాష్ ఆన్ డెలివరీ. నేను మురిసిపోయి ఆర్డరు వెళ్లిన రోజునే కమీషన్ ఫోన్‌పే చేశాను. రెండు వారాల తర్వాత కొరియర్ వాడు పన్నెండు పెట్టెలు తెచ్చి వాకిట్లో పెట్టాడు. తీసుకునేవాళ్లు లేరట. ఒక పెట్టె విప్పి చూశాను. మీకు తెలుసు కదా, పూతరేకు ఎలా వస్తుందో. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి అలా లాగితే పొర నిలుస్తుంది. మా అత్తయ్యగారి అరచేతులు ముప్ఫై ఏళ్లుగా ఆ సెగకి అలవాటు పడ్డాయి. ఆ పెట్టెలో ఉన్నది రేకులు కాదు, పొడి. వంచితే ఇసకలా జారింది. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు, చేట తెచ్చి ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ తిట్టుంటే బాగుండేది.

ఆ రోజు రాసుకున్న నియమం: సరుకు చేరాలి, డబ్బు మన ఖాతాలో పడాలి, పదిహేను రోజులు గడవాలి. అప్పుడే ఆ కమీషన్ ఖాయం. అప్పటివరకు పుస్తకంలో పెన్సిలుతో ఉంటుంది. క్యాష్ ఆన్ డెలివరీకి కోడ్ వేస్తే కమీషన్ సగం. తన కోడ్‌తో తనే కొనుక్కుంటే కమీషన్ లేదు.

ఎవరిని చేర్చుకోవాలి అన్నది చాలామంది మొదట అడుగుతారు. లక్షమంది ఫాలోవర్లు ఉన్నవాళ్ల వెంట పడకండి. నేను పడ్డాను. ముందే పదివేలు అడిగారు, అది అఫిలియేట్ కాదు, ప్రకటన. మన పుస్తకం తీసి, రెండుసార్ల కంటే ఎక్కువ కొన్నవాళ్లని చూడండి. వాళ్లలో ఎవరి పేరు చెప్పుకుని కొత్తవాళ్లు వచ్చారో చూడండి. అలాంటివాళ్లు మాకు తొమ్మిది మంది తేలారు. ఒక బ్యూటీ పార్లరావిడ, ఒక టీచరమ్మ, బెంగళూరులో సాఫ్ట్‌వేరు అబ్బాయి, మా పిన్ని, ఇంకా అలాగే. వీళ్లలో అందరికన్నా ఎక్కువ అమ్మకం ఎవరు తెచ్చారో తెలుసా? భీమవరంలో బట్టలు కుట్టే ఆవిడ. ఎందుకంటే ఏ ఇంట్లో పెళ్లి కుదిరిందో ఊరందరికన్నా ముందు ఆవిడకి తెలుస్తుంది, జాకెట్లు కుట్టించుకోవడానికి అక్కడికే కదా వస్తారు! పెళ్లి అంటే సారె. ఆషాఢం వస్తే మళ్లీ సారె, సంక్రాంతికి కొత్త అల్లుడు. మన గోదావరి జిల్లాల్లో సారె అంటే డజను పెట్టెలతో అవుతుందా? ఒక్క సారె ఆర్డరు మాకు నలభై పెట్టెలు. అంత పెద్ద ఆర్డరుకి 8 శాతం ఇవ్వలేం, అక్కడ టోకు ధర ఉంటుంది కాబట్టి పెట్టెకి పది రూపాయలని మాట్లాడుకున్నాం. ఆవిడకి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా కూడా లేదు.

చేర్చుకున్నాక వాళ్లకి మనం కొంత సాయం చేయాలి. ఒక పెట్టె ఉచితంగా పంపండి, తినకుండా ఎలా చెబుతారు? నాలుగు మంచి ఫొటోలు, ధరలు, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఏ ఊరికి ఎన్ని రోజుల్లో చేరుతుంది, ఇవి ఒక మెసేజ్‌గా రాసివ్వండి. రాసివ్వకపోతే సొంత కవిత్వం చెబుతారు. ఒకాయన మా బెల్లం పూతరేకుల ఫొటో పెట్టి "షుగర్ ఉన్నవాళ్లు కూడా నిర్భయంగా తినొచ్చు" అని రాశాడు. చూసేసరికి నా గుండె ఆగినంత పనైంది. బెల్లమూ తీపే కదండీ! వెంటనే తీయించాను. ఆహార పదార్థాల ప్రకటనల మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు 2018 నుంచే ఉన్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి వినియోగదారుల రక్షణ సంస్థ పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చు. అది పెద్ద కంపెనీలకే అనుకోకండి.

ఇంకోటి, డబ్బు తీసుకుని చెబుతున్నప్పుడు ఆ సంగతి చూసేవాళ్లకి తెలియాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. కమీషన్ అయినా, ఉచితంగా పంపిన సరుకు అయినా, సంబంధం ఉందని స్పష్టంగా, సులువైన భాషలో చెప్పాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు. మావాళ్లకి నేను ఒక వాక్యం ఇచ్చాను: "ఈ కోడ్‌తో కొంటే నాకు కమీషన్ వస్తుంది." దీనివల్ల అమ్మకం తగ్గుతుందని భయపడ్డాను. తగ్గలేదు. టీచరమ్మ అయితే "మీరు కొంటే నాకు బస్ చార్జీలొస్తాయి" అని నవ్వుతూ పెడుతుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి, ఆ పేరు ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నది కూడా ముందే చెప్పేస్తాం. వేరేచోట చేసిన సరుక్కి ఆ పేరు తగిలించి అదే గ్రూపులో అమ్మితే మన పరువూ పోతుంది.

చైన్ గురించి ఒక్క మాట. "మీ కింద ఐదుగురిని చేర్చండి, వాళ్లు అమ్మినదాంట్లోనూ మీకు వాటా" అని మొదలుపెడదామని మా బంధువొకాయన సలహా ఇచ్చారు. ఆ మాట విన్నప్పుడల్లా మన ప్రాంతంలో చైన్ స్కీముల్లో పుస్తెలమ్ముకున్నవాళ్లు గుర్తొస్తారు. 1978 నుంచి మనీ సర్క్యులేషన్ స్కీముల మీద నిషేధ చట్టం ఉంది, 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పద్ధతి కుదరదన్నాయి. ఒక మెట్టే. చెప్పినవాళ్లు, కొన్నవాళ్లు, మనం. అక్కడితో సరి.

పన్ను సంగతి క్లుప్తంగా. కమీషన్ ఒక్కరికి ఏడాదికి ఇరవై వేలు దాటితే టీడీఎస్, అంటే ఇచ్చే డబ్బులోంచి ముందే పన్ను, పట్టుకోవాలన్నది నియమం, 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు. శాతం 2024 అక్టోబరు నుంచి 2. అంతకుముందు 5 ఉండేది. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లకి, కిందటి ఏడాది టర్నోవరు కోటి దాటకపోతే ఈ బాధ్యత లేదు. మనలో చాలామందికి అదే వర్తిస్తుంది, అయినా మీ ఆడిటరుని ఒకసారి అడగండి. చేరిన రోజునే పాన్ నంబరు తీసుకుని పెట్టుకోండి, తర్వాత అడిగితే అనుమానపడతారు.

ఇప్పుడు అన్నిటికన్నా నాకు సిగ్గుగా ఉండే విషయం. ఇందాక టీచరమ్మ అన్నాను కదా, ఆవిడ కన్నా ముందు ఇంకో టీచరు ఉండేవారు, పాలకొల్లు వైపు. నెమ్మదస్తురాలు. నెలకి నాలుగైదు ఆర్డర్లు వచ్చేవి ఆవిడ పేరు మీద. ఒక వేసవిలో ఆవకాయ సీజన్, పెళ్లిళ్లు, మా ఇంట్లో మామయ్యగారికి బాగోలేక ఆస్పత్రి, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. మూడు నెలలు ఎవరికీ కమీషన్లు వేయలేదు. గట్టిగా అడిగినవాళ్లకి వేసేశాను. ఆవిడ అడగలేదు. ఆవిడకి రావలసింది 1,340 రూపాయలు. నాకు గుర్తొచ్చి డబ్బు వేసి, "ఆలస్యమైందండి, ఏమీ అనుకోకండి" అని మెసేజ్ పెట్టాను. "ఫర్వాలేదమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆవిడ కోడ్‌తో ఒక్క ఆర్డరు రాలేదు. ఆవిడ సొంతానికి కొనుక్కోవడం కూడా మానేశారు. ఆవిడకి ఆ డబ్బు లేక కాదు. నలుగురిలో మన మాట చెప్పిన మనిషి, పదమూడొందల కోసం మనల్ని అడగాల్సి రావడం ఏంటి? అడగడం ఇష్టం లేక ఊరుకున్నారు, నేను ఆ ఊరుకోవడాన్ని వాడుకున్నట్టయింది.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఐదో తారీకు అంటే ఐదో తారీకే. కిందటి నెల పదిహేను వరకు ఖాయమైన లెక్క, ఎంతుంటే అంత. రెండొందల లోపు ఉంటే వచ్చే నెలకి వెళుతుందని ముందే చెబుతాం. నాలుగో తారీకు రాత్రి ఒక్కొక్కరికి వాట్సాప్‌లో ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఎన్ని వెనక్కి వచ్చాయి, ఎంత పడుతుంది అని పంపిస్తాను. సున్నా ఉన్నవాళ్లకి కూడా "ఈ నెల ఏమీ రాలేదండి" అని పంపిస్తాను. ఆ సున్నా మెసేజ్ చూసి ఇద్దరు ఫోన్ చేసి, "అయ్యో, ఈసారి మా ఆఫీసులో చెబుతాలెండి" అన్నారు. మూడు శాతానికి బదులు రెండు ఇచ్చినా జనం సర్దుకుంటారేమో కానీ, తారీకు తప్పితే మాత్రం మనసు విరుగుతుంది. నాకు తెలిసిన ఒక పెద్ద సైటు ఉంది, పేరెందుకులెండి, కమీషన్ పన్నెండు శాతమంటుంది, ఇవ్వడానికి ఆరు నెలలు తిప్పుతుంది. దాని దగ్గర నుంచి ఇద్దరు మా దగ్గరికి వచ్చారు, 8 శాతానికే.

నియమాలు తెలుగులో ఒక పేజీ రాసివ్వండి. కమీషన్ ఎంత, ఎప్పుడు ఖాయం, ఎప్పుడు చేతికి వస్తుంది, ఏం చేయకూడదు. ఒకే కస్టమరుని ఇద్దరు చెప్పి పంపితే ఎవరికి అన్నది తప్పకుండా ఉండాలి. మా దగ్గర ఆర్డరు మీద ఎవరి కోడ్ ఉంటే వాళ్లకే. అది పూర్తి న్యాయం కాదు. వీడియో చూసి ఆశపడేది ఒకరి వల్ల, కొనేది ఇంకొకరి కోడ్‌తో. కానీ ముందే రాసి ఉంది కాబట్టి ఎవరూ కొట్లాడరు. శాతం మార్చాలంటే నెల ముందు చెబుతామని కూడా రాశాం.

ప్రశ్నలుంటే అడగండి. ... ఆవిడ అడుగుతున్నది, సొంత వెబ్‌సైటు లేకుండా చేయొచ్చా అని. చేయొచ్చమ్మా. వాట్సాప్ బిజినెస్, నోటుపుస్తకం, యూపీఐ ఉంటే చాలు. కాకపోతే పుస్తకం అదే రోజు రాయాలి. రేపు రాద్దామంటే ఎవరి కోడో మర్చిపోతాం.

... ఆ వెనక బాబాయిగారు, చెప్పండి. "మీ పిన్నిగారికి ఇప్పుడెంత ఇస్తున్నారు?" (నవ్వులు) మొదటి నెల 912 రూపాయలు వేశానండి. వెంటనే ఫోన్ చేసి, "ఏంటే, నన్ను జీతగత్తెని చేశావా" అని తిట్టింది. డబ్బు వద్దంది. సరే, దానికి తగ్గ పూతరేకులు పంపిస్తానన్నాను. ఒప్పుకుంది. ఆ పెట్టెలు మళ్లీ పేరంటాలకే పట్టుకెళ్తోంది. ఆవిడ లెక్క కూడా పుస్తకంలో ఉంది, అంకెలతో సహా.

ఇవాళ నాలుగో తారీకండి. ఇరవై ఆరుగురికి మెసేజ్‌లు పంపాలి, ఇంకా సగం లెక్క కూడలేదు. రావులపాలెం బస్సు దొరికితే దారిలో కూడేస్తాను. ఉంటానండి.